ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చదువు ఆన్‌లైన్‌లో చేయవచ్చా?

టెక్సాస్ ఆర్‌ఎన్:
ఆసుపత్రిలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు)గా పనిచేస్తూనే ఆన్‌లైన్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (ఎఫ్‌ఎన్‌పి) మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను. మా వార్డులోని సీనియర్లు ఆన్‌లైన్ అనగానే పెదవి విరుస్తున్నారు. మీ అభిప్రాయం కారణాలతో సహా తెలుపగలరు.

పాత సిస్టర్:
మీ సీనియర్లతో నేను ఏకీభవిస్తాను. ఎఫ్‌ఎన్‌పి అంటే పసిబిడ్డ నుంచి వృద్ధుల వరకు ఎవరు వచ్చినా తానే పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందు రాయవలసిన వ్యక్తి. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ నర్స్ ప్రాక్టీషనర్ (ఎన్‌పీ) శిక్షణకు శ్రీకారం చుట్టినప్పుడు, నర్సుకు అప్పటికే ఉన్న నైపుణ్యాన్ని విస్తరించడమే ఉద్దేశం. వార్డు అనుభవం అంతగా లేనివారిని కూడా చేర్చుకునే నేటి కోర్సులను చూస్తే నాకు భయం వేస్తుంది.

క్లినిక్ ఎఫ్‌ఎన్‌పి:
సిస్టర్ గారూ, అనుభవం గురించి మీరన్నది నిజమే కాని, అది ప్రవేశ నియమాల లోపం. కళాశాలలో కూర్చుని చదివే కోర్సుల్లోనూ ఉంది. ఆన్‌లైన్‌లో జరిగేవి పాఠాలు మాత్రమే. రోగులను నేరుగా చూసే గంటలు ఎవరికీ తప్పవు. ఆ గంటల కనీస పరిమితిని అమెరికాలోని 2022 జాతీయ ప్రమాణాలు 500 నుంచి 750కి పెంచాయి. చివర రాయవలసిన ఏఎన్‌సీసీ లేదా ఏఏఎన్‌పీ అనే సంస్థల సర్టిఫికేషన్ పరీక్ష కూడా అందరికీ ఒక్కటే.

అసలు చిక్కు ప్రిసెప్టర్ దగ్గర, అంటే ఆ గంటల్లో పక్కనుండి పని నేర్పే వ్యక్తి దగ్గర వస్తుంది. చాలా ఆన్‌లైన్ కోర్సులు అలా తన క్లినిక్‌లో నేర్పే డాక్టరునో, ఎన్‌పీనో వెతుక్కునే భారాన్ని విద్యార్థి మీదే వేస్తాయి. దొరక్క చదువు ఆగిపోయినవారూ, మధ్యవర్తులకు డబ్బు చెల్లించినవారూ ఉన్నారు. ఫీజు కట్టే ముందే ఆ బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. నర్సింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సీసీఎన్‌ఈ లేదా ఏసెన్ సంస్థ గుర్తింపు ఉందా, వేరే రాష్ట్రపు కోర్సయితే టెక్సాస్ నర్సింగ్ బోర్డు నిబంధనలకు సరిపోతుందా అన్నదీ చూడండి.

పాత సిస్టర్:
గంటలు నిండినంత మాత్రాన పని వచ్చినట్టు కాదండీ. తెలిసిన క్లినిక్ కదా అని 750 గంటలూ బీపీ, షుగర్ రోగులతోనే గడిపితే, రేపు జ్వరంతో వచ్చిన పసిబిడ్డను ఏం చూస్తారు? కళాశాలే ప్రిసెప్టర్‌ను కుదిర్చి, అధ్యాపకులు వచ్చి పరిశీలించే చోటైతే నాకు అభ్యంతరం లేదు.

గుంటూరు నుంచి:
మా చెల్లెలు ఇక్కడ బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది. ఈ ఆన్‌లైన్ కోర్సులో చేరి అమెరికా రావచ్చా?

క్లినిక్ ఎఫ్‌ఎన్‌పి:
ఆ దారి లేదండీ. ముందు అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో ఉత్తీర్ణురాలై అక్కడి ఆర్‌ఎన్ లైసెన్సు పొందాలి. పూర్తిగా ఆన్‌లైన్‌లో సాగే కోర్సుకు ఎఫ్-1 (విద్యార్థి) వీసా రాదు. మన దేశంలోనే చదవాలనుకుంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది. అది ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీ.

టెక్సాస్ ఆర్‌ఎన్:
రెండు కళాశాలలకు రాశాను. ఒకటి ప్రిసెప్టర్‌ను తామే చూస్తామంది, ఫీజు ఎక్కువ. రెండవది ‘సహకరిస్తాం’ అని మాత్రమే జవాబిచ్చింది.

పాత సిస్టర్:
ఆ రెండవవారిని, ప్రిసెప్టర్ దొరక్క కిందటేడు ఎంతమంది చదువు వెనకబడిందో అడగండి. జవాబు దాటవేస్తే ఫీజు తక్కువని ఆశపడకండి.