ఫ్రీజర్‌లో పెట్టేముందు కూరగాయల్ని బ్లాంచ్ చేయాలా, అది ఊరికే చాకిరీయా?

పచ్చిబఠానీ:
మూడు కిలోల బఠానీలు ఒలిచి ముందేసుకుని కూర్చున్నాను. వీటిని మరిగే నీళ్లలో వేసి తీసి, ఐస్ నీళ్లలో ముంచి, తడి ఆరబెట్టి, అప్పుడు గానీ ఫ్రీజర్‌లో పెట్టకూడదట, బ్లాంచింగ్ అంటే ఇదేనట. ఎలాగూ వండేటప్పుడు ఉడికేవే కదా, ముందో ఉడుకు దేనికి? విటమిన్ సి కూడా నీళ్లలో పోతుందంటారు. పోయినసారి బీన్స్ కోసి అలాగే కవర్లో వేసి పెట్టాను. అయిదు నెలలకి తీస్తే ఎండుగడ్డి వాసన వచ్చిన మాట నిజమే, కానీ అది బ్లాంచ్ చేయకపోవడం వల్లో, కవరు సరిగ్గా మూయకపోవడం వల్లో నాకు తేలలేదు. చేసేవాళ్లూ చేయనివాళ్లూ ఇద్దరూ చెప్పండి.

బద్ధకం_బాబు:
నేను చేయను. నెలలోపే వాడేస్తాను, ఇంతవరకూ తేడా తెలియలేదు. ఉల్లి, క్యాప్సికం, టమాటాలకైతే బ్లాంచింగ్ భక్తులు కూడా వద్దనే అంటారు. టమాటాలు కడిగి కాయలుగానే పెట్టేస్తా, తీశాక కుళాయి కింద పట్టుకుంటే తొక్క దానంతటదే ఊడొస్తుంది. ఇంతకంటే సుఖం ఏముంది?

థర్మామీటర్:
బఠానీ గారూ, గడ్డి వాసన కవరు తప్పు కాదు. గాలి తగిలితే వచ్చే తేడా వేరు, ముక్కల్లోని తేమ ఎగిరిపోయి పైన తెల్లగా, బెండులా అవుతాయి. దాన్ని ఫ్రీజర్ బర్న్ అంటారు, తింటే ఏం కాదు, రుచే ఉండదు. మీది ఎంజైముల పని, అంటే కూరగాయలోనే ఉండి రసాయన మార్పులు తెచ్చే పదార్థాల పని. మైనస్ 18 డిగ్రీల్లో బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది గానీ ఎంజైములు నత్తనడకనైనా పని చేస్తూనే ఉంటాయి, బీన్స్‌లోనూ బఠానీలోనూ లైపాక్సిజినేజ్ అని ఒకటుంది, అది గింజలోని కొద్దిపాటి కొవ్వుని విరగ్గొడుతూ పోతే నెలల తర్వాత మీ ముక్కుకి తగిలేది ఆ వాసనే. వేడి తగిలితే దాని కథ ముగుస్తుంది. బఠానీకి నిమిషంన్నర, బీన్స్‌కీ కాలీఫ్లవర్ ముక్కలకీ 3 నిమిషాలు చాలు. అర కిలోకి నాలుగు లీటర్ల నీళ్లు పెట్టండి, వేశాక నిమిషంలోపే మళ్లీ మరగాలి, లెక్క అప్పటినుంచి. తర్వాత అంతసేపూ ఐస్ నీళ్లలో. అరకొరగా మాత్రం చేయకండి, చాలీచాలని వేడికి ఎంజైములు ఇంకా రెచ్చిపోతాయి, దానికన్నా అసలు చేయకపోవడమే నయం.

బద్ధకం_బాబు:
ఇదంతా ఏడాదికి సరిపడా దాచేవాళ్ల బాధ. నెలలో తినేసేవాడికి మీ నత్త ఎంత దూరం నడుస్తుంది?

థర్మామీటర్:
అక్కడ మీరే గెలిచారు. నెలకైతే నేనూ చేయను. ఎనిమిది నెలలో ఏడాదో ఉండాలంటే మాత్రం తప్పదు.

ఆవిరి:
బఠానీ గారడిగిన విటమిన్ సి సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు. బ్లాంచ్ చేస్తే కొంత పోతుంది, నిజం. చేయకుండా దాచినా ఎంజైములు మెల్లమెల్లగా దాన్ని తగ్గిస్తూనే ఉంటాయి, కాబట్టి ఒక్కసారే పోవాలా రోజూ పోవాలా అన్నదే తేడా. నేను ఆవిరి మీద చేస్తాను, నష్టం తక్కువ. నీళ్లలో పట్టే టైముకి ఒకటిన్నర రెట్లు పడుతుంది.

కొత్తగా_వచ్చా:
బ్లాంచ్ చేస్తే క్రిములన్నీ చస్తాయి కదా, అలాంటప్పుడు తీసి నేరుగా సలాడ్‌లో కలుపుకోవచ్చుగా?

థర్మామీటర్:
వద్దు, దయచేసి వద్దు. అది వంట కాదు, పైగా ఫ్రీజర్ క్రిముల్ని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. 2015 నుంచి 2018 దాకా యూరప్‌లో అయిదు దేశాల్లో ఫ్రోజెన్ మొక్కజొన్న ద్వారా లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి 47 మంది జబ్బు పడ్డారు, 9 మంది చనిపోయారు. ఉడికించుకునే తినండి.

మంచుగడ్డ:
ఇంత మంది మాట్లాడుతున్నారు, మూడు కిలోలు ఒకేసారి కుక్కొద్దని ఒక్కరూ చెప్పరేం? నెమ్మదిగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కణాల గోడల్ని చింపేస్తాయి, మెత్తబడేది అందుకే. 1910ల్లో బర్డ్స్‌ఐ అనే ఆయన కెనడాలోని లాబ్రడార్ చలిలో అక్కడి ఆదివాసులైన ఇన్యుయిట్ జాలర్లు పట్టిన చేపలు క్షణాల్లో గడ్డకట్టడం, నెలల తర్వాత కూడా రుచిగా ఉండడం చూసే ఫ్రోజెన్ వ్యాపారం మొదలెట్టాడు. ముప్పై లీటర్ల ఫ్రీజర్‌కి రోజుకి కిలో, కిలోంపావు మించొద్దు. తడి లేకుండా ట్రేలో ఒక్క వరుసగా పరిచి, గట్టిపడ్డాక కవర్లో వేసుకోండి, ముద్ద కట్టవు. ఇంతకీ బఠానీ గారూ, మీది విడి ఫ్రీజరా, ఫ్రిజ్ పైనుండే చిన్న అరా? దాని మీద ఎన్ని నక్షత్రాలు?

పచ్చిబఠానీ:
నక్షత్రాలా? అవి సోకుకి వేసినవి అనుకున్నానే!

మంచుగడ్డ:
ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటేనే మైనస్ 18. ఇక్కడ మనం కొట్టుకుంటున్న లెక్కలన్నీ మూడు నక్షత్రాలవి.

పచ్చిబఠానీ:
ఇప్పుడే టార్చి వేసి చూసొచ్చాను. రెండే ఉన్నాయండీ. కిలో బఠానీలు నిమిషంన్నర లెక్కన చేసి పెడుతున్నా, ఆర్నెల్ల ఆశ వదులుకుని నెలలో తినేస్తాం. మిగతా రెండు కిలోలు పక్కింటివాళ్లకి ఇచ్చేస్తున్నా, వాళ్ల ఫ్రీజర్‌కి ఎన్ని నక్షత్రాలున్నాయో వాళ్లే చూసుకుంటారు.

బద్ధకం_బాబు:
నెలలోనే తినేస్తే ఆ నిమిషంన్నర కూడా దండగే కదండీ, నేను మొదటినుంచీ చెప్తున్నదేంటి?

పచ్చిబఠానీ:
నీళ్లు అప్పటికే పొయ్యి మీద పెట్టేశాను బాబూ.