తాత కాగితంలోని 'పట్టా' ఏ పట్టా?

నమస్తే. మాది జనగామ దిక్కు ఊరు. తాత సందూకలో ఎకరంన్నర భూమి కాగితం దొరికింది, పైన 'పట్టా' అని ఉంది. "పట్టా ఉన్నదిగా, అమ్ముదాం" అంటున్నడు చిన్నాయన. నాకు తెలిసినవి రైలు పట్టాలు, కాలేజీలో పుచ్చుకున్న డిగ్రీ పట్టా (ఉద్యోగం తేలేదనుకోండి, అది వేరే కథ).

తీరా అడిగితే, సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి కాగితాన్ని కూడా లావణి పట్టా అనే అంటారట. 1977 చట్టం ప్రకారం అలాంటి భూమిని అమ్మినా కొన్నా చెల్లదు. సొంత పట్టా భూమికి ఆ అడ్డు లేదు. మాట ఒక్కటే, ఫలితం మాత్రం పూర్తిగా వేరు!

మా కాగితంలో తహసీల్దారు సంతకం, కింద ఏవో షరతులు ఉన్నాయి, చెదలు తినేసి చదవరావడం లేదు. మాది ఏ పట్టానో తేల్చుకోవాలంటే 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసిన పాత రెవెన్యూ రికార్డు) చూస్తే సరిపోతుందా, సేత్వార్ (భూమిని మొదట సర్వే చేసినప్పటి రికార్డు) కూడా తీయించాలా? తెలిసినవాళ్లు చెప్పగలరు. చిన్నాయన బయానా తీసుకునేలా ఉన్నాడు.