ఇల్లు మారితే పిల్లిని వెంట తీసుకుపోవాలా, ఆ ఇంటికే వదిలేయాలా?

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు)

మా ఆయనకు అనంతపురం బదిలీ అయింది. పిల్లల పరీక్షలు అయిపోగానే సామాన్లు ఎత్తాలి. కుక్క విషయంలో ఇంట్లో ఏ పేచీ లేదు. పేరు సింగడు, ఊరకుక్కే. మేం ఎక్కడుంటే అదక్కడ. అట్టపెట్టెలు ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి వాటిని వదలడం లేదు, తనను ఎక్కడ మర్చిపోతామో అని దాని భయం. గొడవంతా పిల్లి గురించి.

మూడు రంగుల పిల్లి, పేరు చిట్టెమ్మ. మాది పాతబస్తీలో పాత మిద్దె, కింద నాపరాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నమంతా బియ్యం డబ్బా వెనక ఒకే ఒక్క బండ మీద పడుకుంటుంది. పక్క బండ మీదికి జరిపితే మన మొహం ఒకసారి చూసి, మళ్ళీ పోయి అక్కడే పడుకుంటుంది. గిన్నెలో నీళ్ళు ముట్టదు. దొడ్లో కొళాయి కారుతుంటే చెవులు తడవకుండా మెడ వంచి పక్క నుంచి తాగుతుంది. సింగడి మూతి మీద రోజుకొక దెబ్బ వేస్తుంది, వాడి తప్పున్నా లేకపోయినా.

అసలు చిక్కు పక్కింటి ఖాలాతో. వాళ్ళింట్లో మటన్ కడిగే చప్పుడు వినిపిస్తే చాలు, ఇది పిట్టగోడ దూకేస్తుంది. అక్కడ దీని పేరు మున్నీ. వాళ్ళు పిలిచినా పోతుంది, మేం పిలిచినా వస్తుంది. "వదిలిపోండమ్మా, నేను చూసుకుంటా" అని ఖాలా అడుగుతోంది. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది, దాన్ని కదిలించొద్దని మా అత్త. మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఆ టెన్షన్ మనకెందుకని మా ఆయన. పిల్లి లేకుండా కారెక్కనని మా చిన్నమ్మాయి. మీరేమంటారు?

తాడిపత్రి బండ

మీ అత్తగారి మాటే నిజం. వదిలిపోండి.

మేం తాడిపత్రిలోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారినాం. పిల్లిని గంపలో పెట్టి మోసుకొచ్చినాం. రాత్రి కిటికీలోంచి మాయం. తెల్లారి పోయి చూస్తే పాత ఇంటి గోడ మీద కూర్చుని ఉంది, మమ్మల్ని ఎన్నడూ చూడనట్టు. అది మన మీద ప్రేమతో ఉంటుందనుకోవడం మన సంబరం. దానికి కావలసింది గోడ, ఎండ, నీడ, వేళకింత తిండి. ఆ తిండి పెట్టే చెయ్యి ఎవరిదైనా ఒకటే. మీ చిట్టెమ్మకు ఆ చెయ్యి రెడీగానే ఉంది కదా.

ఆదోని అబ్బాయి

అక్కా, ఒక సంగతి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆకలిదప్పులతో అల్లాడేలా పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేస్తే నేరం. మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు! ఉగ్గాని బజ్జీ తింటే అంతకంటే ఎక్కువ బిల్లు అవుతుంది. అదట్లా ఉంచండి. ఖాలా చేతికి అప్పజెప్పడం ఈ లెక్కలోకి రాదని నా అభిప్రాయం. తాళం వేసి పోయేవాళ్ళ సంగతే వేరు.

ధర్మవరం మగ్గం

తాడిపత్రి అన్నా, మీ పిల్లి ఒక్కటి పాత ఇంటికి పోయిందని లోకంలో పిల్లులన్నీ అంతేనంటే ఎట్లా?

మాది మగ్గాల ఇల్లు. మా నాయన గుంట మగ్గంలో కూర్చుంటే మా బూడిదరంగు పిల్లి పోయి గుంటలో ఆయన పాదాల పక్కన చేరేది. తొక్కే చెక్కలు పైకీ కిందికీ ఆడుతుంటే వాటికి తగలకుండా ఎంతలో ఉండాలో అంతలో ఉండేది. నాడె అటూ ఇటూ పోతుంటే తల తిప్పి చూసేది గానీ ఏనాడూ పంజా వేయలేదు. పట్టుపోగు తెగితే నాయన కోపం ఎట్లుంటుందో దానికీ తెలుసనుకుంటా. నాయన ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నన్నాళ్ళూ మగ్గంలో మా అన్న కూర్చున్నాడు. అదే గుంట, అవే చెక్కలు, అదే చప్పుడు. పిల్లి మాత్రం ఒక్కనాడు కూడా అందులోకి దిగలేదు. నాయన మంచం కిందే ఉండింది. స్థలం మీదే ప్రేమయితే గుంటలోకి పోవాలి కదా?

ఇంకొకటి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళే అంటారు. ఇంటినే నమ్ముకునే జీవి ఏడిళ్ళు ఎందుకు తిప్పుతుంది?

తాడిపత్రి బండ

మగ్గం అన్నా, మీ నాయన మంచం మీద ఉన్నప్పుడు పాలు, గుడ్డు, బ్రెడ్డు అన్నీ ఆ మంచం దగ్గరికే వచ్చి ఉంటాయి. ఆ సంగతి చెప్పలేదే మీరు!

ఇక ఏడిళ్ళ మాట. గండుపిల్లి చంపుతుందనీ, ఒకేచోట ఉంటే వాసన పట్టేస్తారనీ తల్లి పిల్లల్ని మారుస్తుంది. అదైనా తనకు తెలిసిన నాలుగు మిద్దెల లోపలే. ఊరు దాటించి గుత్తి మీదుగా అనంతపురం తీసుకుపోదు.

కడప పశువైద్యం

పశువైద్యుడిగా నాలుగు మాటలు. ఇద్దరూ సగం సగం సరిగ్గానే చెబుతున్నారు, ఆ సగాన్నే మొత్తం అనుకుంటున్నారు.

పిల్లి చెంపలు గోడకూ తలుపు చెక్కకూ మన కాళ్ళకూ రుద్దుతుంది కదా, అది గారాబం ఒక్కటే కాదు. చెంపల దగ్గరి గ్రంథుల నుంచి వాసన అంటిస్తుంది. మనకు ఇల్లంటే గదులు, దానికి ఇల్లంటే ఆ వాసనల వరస. కొత్త ఇంట్లో ఆ వరస ఏమీ ఉండదు, అందుకే పారిపోయి తెలిసిన చోటికి పోవాలని చూస్తుంది. తాడిపత్రి వారి పిల్లి చేసింది అదే. వచ్చిన రాత్రే కిటికీ తెరిచి ఉంచితే ఏ పిల్లయినా పోవచ్చు.

అంత మాత్రాన మనిషితో బంధం లేదనడం తప్పు. 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ఒక పరీక్ష చేశారు. పిల్లికూనను కొత్త గదిలో యజమానితో రెండు నిమిషాలు, తర్వాత ఒంటరిగా రెండు నిమిషాలు, మళ్ళీ యజమానితో రెండు నిమిషాలు ఉంచి చూశారు. 64 శాతం కూనలు యజమాని తిరిగి రాగానే దగ్గరికి వచ్చి, కుదుటపడి, మళ్ళీ గదంతా తిరిగి చూసుకున్నాయి. మిగిలినవి అంటిపెట్టుకుని వదలకపోవడమో, అసలు దగ్గరికే రాకపోవడమో చేశాయి. అంటే కొత్తచోట ధైర్యానికి మనిషి పనికొస్తాడు, అన్ని పిల్లులకూ కాకపోయినా చాలావాటికి. మీ చిట్టెమ్మ ఏ రకమో ఈ పరీక్ష చెప్పదు, మీరే చూసుకోవాలి.

రెండు పేర్ల సంగతి: అదే సంవత్సరం జపాన్‌లో చేసిన పరిశోధనలో, ఇళ్ళల్లో పెరిగే పిల్లులు తమ పేరును అలాంటివే వేరే మాటల నుంచి వేరు చేసి గుర్తుపడతాయని తేలింది. గుర్తుపట్టాక రావాలా వద్దా అన్నది వాటి ఇష్టం.

ఒక ప్రశ్న. ఆపరేషన్ చేయించారా? మూడు రంగులంటే దాదాపు ఖాయంగా ఆడదే. నలుపు, నారింజ రంగుల తేడా తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, రెండు రంగులూ కనిపించాలంటే రెండు ఎక్స్‌లు కావాలి. ఆపరేషన్ కాకపోతే ఎదకొచ్చినప్పుడల్లా ఫ్లాట్‌లో రాత్రంతా అరుపే.

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు)

ఆపరేషన్ అయింది డాక్టర్ గారూ. రేబిస్ టీకా కూడా ఏడాదికొకసారి వేయిస్తున్నాం.

ప్రొద్దుటూరు పసిడి

అందరూ పిల్లి మీద పడ్డారు. కుక్క మనిషిని నమ్ముకుంటుందన్న మాటను ఒక్కరూ అడగలేదు.

మా పెద్దనాన్న వాళ్ళు ఊళ్ళోనే కొత్త ఇల్లు కట్టుకుని మారారు. వాళ్ళ కుక్క పేరు కాటమయ్య. పొద్దున ఇంట్లోవాళ్ళు లేచేసరికి అది బయల్దేరి పాత ఇంటికి పోతుంది. అక్కడ ఇప్పుడు బాడుగకు వేరేవాళ్ళున్నారు. వాళ్ళ అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను చూసి మొరిగి, చీకటి పడగానే సంగటి వేళకు కొత్త ఇంటికి వస్తుంది. ఆదివారం కూడా సెలవు లేదు. బాడుగవాళ్ళు మొదట్లో భయపడ్డారు గానీ ఇప్పుడు మధ్యాహ్నం వాళ్ళే అన్నం పెడుతున్నారు. బాడుగలో వాచ్‌మన్ కూడా కలిసినట్టేనని పెద్దనాన్న నవ్వుతాడు.

ఇప్పుడు చెప్పండి, అది మనిషిని నమ్ముకుందా, అరుగును నమ్ముకుందా?

ఆదోని అబ్బాయి

డ్యూటీని నమ్ముకుంది అన్నా. 😄

గుత్తి కోట నీడ

ఇంత చర్చ అవసరమా? మూడో అంతస్తయినా ఏం కాదు, పిల్లి ఎక్కడ నుంచి పడ్డా కాళ్ళ మీదే పడుతుంది. పెరట్లో కుప్పింటాకు మొక్క ఉంటే వేరుతో సహా పీకి కొత్త ఇంట్లో పెట్టండి, ఆ వేరు వాసనకు పొర్లాడి పొర్లాడి అక్కడే ఉండిపోతుంది.

కడప పశువైద్యం

కుప్పింటాకు మాట నిజమే. వేరు వాసనకు చాలా పిల్లులు మత్తెక్కినట్టు పొర్లుతాయి. కొద్దిసేపు ఊరట, అంతే. అది కట్టేసే తాడు కాదు.

కాళ్ళ మీద పడుతుందన్న మాట మాత్రం నమ్ముకోవద్దు. న్యూయార్క్‌లో ఒక పశువుల ఆసుపత్రికి మేడల మీద నుంచి పడి వచ్చిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. వైద్యం అందిన వాటిలో 90 శాతం బతికాయి. అందరూ దీన్నే చెప్పుకుంటారు. అవి ఆసుపత్రి దాకా రాగలిగిన పిల్లులు, పడినచోటే చచ్చిపోయినవి ఆ లెక్కలో లేవు. బతికినవాటికి కూడా ఛాతీ దెబ్బలు, దవడ, కాళ్ళు విరగడం మామూలు. బాల్కనీకీ కిటికీలకూ మెష్ కొట్టించాకే పిల్లిని తేవాలి.

ధర్మవరం మగ్గం

అక్కా, ఒకటి అడుగుతా. చిట్టెమ్మ బాగా భయపడినప్పుడు ఎక్కడికి పోతుంది? మటన్ కోసం ఎక్కడికి పోతుందన్నది వదిలేయండి. తిండికి ఎవరైనా పదిళ్ళు తిరుగుతారు, మనుషులతో సహా. భయమేసినప్పుడు ఖాలా వాళ్ళింటికి పోతే ఖాలాదే. బియ్యం డబ్బా వెనక్కి పోతే ఇంటిది. మీ దగ్గరికి వస్తే మీది.

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు)

ఇది ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడిగాను. మాకు దగ్గర్లోనే వినాయక ఘాట్. నిమజ్జనం రోజు డప్పులు, డీజేలు, టపాకాయలు, అర్ధరాత్రి దాకా గోడలు అదురుతాయి. ఆ రోజు చిట్టెమ్మ నా దగ్గరికి రాదు. ఖాలా దగ్గరికీ పోదు. బియ్యం డబ్బా వెనక కూడా ఉండదు.

సింగడి దగ్గరికి పోతుంది. వాడు మంచం కింద గోడకు ఆనుకుని వణుకుతుంటాడు, వాడికి ఆ చప్పుడంటే దీనికంటే భయం. వాడికీ గోడకూ మధ్య సందులో దూరి, తల లోపలికి పెట్టుకుని కూర్చుంటుంది. తెల్లారి చప్పుడు ఆగాక బయటికి వచ్చి, ఒళ్ళు విరుచుకుని, వాడి మూతి మీద ఆ రోజు దెబ్బ వేసి పోతుంది.

మా అత్త కూడా ఇది విని ఏమీ అనలేదు. తర్వాత "అయితే ఆ ముండ కుక్కను నమ్ముకుందన్నమాట" అంది.

ప్రొద్దుటూరు పసిడి

అక్కా, తేలిపోయింది. సింగడు పోతే చిట్టెమ్మ పోవాల్సిందే.

తాడిపత్రి బండ

ఏం తేలిపోయింది? ఏడాదికి ఒక రాత్రి కుక్క పక్కన దాక్కుంటుంది. మిగతా రోజులన్నీ ఆ బండ మీద, ఆ కొళాయి కింద, ఆ పిట్టగోడ మీద గడుపుతుంది. ఒక్క రాత్రి కోసం మిగతావన్నీ తీసేసి మూడో అంతస్తులో మెష్ వెనక పెడతారా? మీకు పిల్లి కావాలి, సరే. పిల్లికి ఏం కావాలో అడుగుతున్నామని మాత్రం అనొద్దు.

ధర్మవరం మగ్గం

అన్నా, బండ అనంతపురంలోనూ దొరుకుతుంది, తాడిపత్రి నుంచే తెప్పించుకుంటారు. సింగడు దొరకడు.

కేసీ కెనాల్ గట్టు (కర్నూలు)

తాడిపత్రి అన్న మాట గుచ్చుకుంది గానీ కొట్టిపారేయలేను. మేం ఇంట్లో అనుకున్నది ఇది: రెండింటినీ తీసుకుపోతాం. మెష్ కొట్టే మనిషికి చెప్పేశాం. ఖాలాతో మాట్లాడాను. కొంచెం నొచ్చుకుంది, "అక్కడ ఇమడకపోతే నాకు తెచ్చియ్యి, వాపస్ తీసుకుంటా" అంది. వారం చూసి కుదరకపోతే కర్నూలు తెచ్చి ఆమెకిచ్చేద్దామని మా ఆయన. డాక్టర్ గారూ, వారం చాలుతుందా?

కడప పశువైద్యం

చాలదు. మొదటి వారంలో చాలా పిల్లులు మంచం కిందే ఉంటాయి, రాత్రిపూట మాత్రమే తింటాయి. దాన్ని చూసి ఇమడలేదని తీర్పు చెప్పొద్దు. రెండు మూడు వారాలు బయటికి వదలకుండా, మొదట ఒకే గదిలో ఉంచండి. సింగడిని కూడా అదే గదిలో పడుకోనివ్వండి. చిట్టెమ్మ పడుకునే పాత గుడ్డను ఉతక్కుండా తీసుకుపోండి, దాన్నే పిల్లి చెంపలకు రుద్ది కొత్త ఇంటి తలుపు చెక్కలకు కింద వైపు రుద్దండి. ఇసుక తొట్టి ఒక మూల, తిండి ఇంకో మూల పెట్టండి. కొళాయి నీళ్ళ అలవాటు ఉంది కాబట్టి బాత్‌రూమ్ కొళాయి రోజూ కాసేపు సన్నగా వదలండి.

ప్రయాణం తెల్లవారుజామున పెట్టుకోండి. 150 కిలోమీటర్లు, ఈ ఎండల్లో పగటిపూట వద్దు, డోన్‌లో టిఫిన్‌కు ఆగితే ఎవరో ఒకరు కారులోనే ఏసీ వేసుకుని కూర్చోవాలి. మూత గట్టిగా పడే బుట్ట కావాలి, ఒళ్ళో పెట్టుకోవద్దు. బయల్దేరే ముందు నాలుగు గంటలు తిండి వద్దు. నిద్రపోతుందని ఇంట్లో ఉన్న మాత్రలేవీ మింగించకండి, పారాసిటమాల్ అయితే పిల్లికి విషం.

ఇమడకపోతే ఖాలాకు ఇవ్వొచ్చు, తప్పు లేదు. ఒక్కసారే ఇవ్వండి. పండక్కి తెచ్చుకుని, సెలవులకు తీసుకుపోయి, మళ్ళీ వదిలిపెట్టి పోయే పని మాత్రం పెట్టుకోవద్దు. ఇచ్చేటప్పుడు టీకా కార్డు కూడా ఆమె చేతికివ్వండి.

తాడిపత్రి బండ

డాక్టర్ గారూ, కార్డు మీద పేరు చిట్టెమ్మ అని ఉంటుందా, మున్నీ అనా?