ఫ్లైట్ సిమ్యులేటర్ మొదలుపెట్టాను, ముక్కు ఎడమకి లాగేస్తోంది, ఎత్తు నిలవట్లేదు

కొత్తరెక్కలు:
అందరికీ నమస్కారం. విమానాలంటే చిన్నప్పట్నుంచీ పిచ్చి, ఇన్నాళ్ళకి 16 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ చేతికొచ్చింది. ఉచితం కదా అని ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ వేసుకుని అందులో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నా. రన్‌వే మీద థ్రాటిల్ (ఇంజిన్ పవర్) పూర్తిగా ఇవ్వగానే ముక్కు ఎడమకి తిరిగి గడ్డిలోకి పోతోంది, ఎలాగోలా పైకి లేచినా ఎత్తు ఒకచోట నిలవదు, పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. అంతా కీబోర్డుతోనే నడుపుతున్నా. జాయ్‌స్టిక్ కొనక తప్పదా? డబ్బు పెట్టి సిమ్యులేటర్ కొనాల్సొస్తే మైక్రోసాఫ్ట్‌దా, ఎక్స్-ప్లేనా? నాకు అసలు ఆశ ఎయిర్‌బస్ ఏ320 అనే పెద్ద ప్రయాణికుల విమానం మీద, నేరుగా దాంట్లోకి ఎక్కేయొచ్చా?

మబ్బుదారి:
ఎడమకి లాగడం మీ సిస్టమ్ తప్పు కాదండి, అసలు సెస్నా కూడా అంతే. ప్రొపెల్లర్ నుంచి వెనక్కి వచ్చే గాలి సుడి తిరుగుతూ వచ్చి తోక మీది నిలువు రెక్కని ఎడమ వైపు నుంచి కొడుతుంది, తోక కుడికి పోతే ముక్కు ఎడమకి వస్తుంది. ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) కూడా దానికి తోడవుతుంది. అందుకే థ్రాటిల్ ఒక్కసారిగా తొయ్యకుండా మెల్లగా పెంచుతూ కుడి రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) ఇస్తూ ఉండాలి. ఫ్లైట్‌గేర్‌లో రడ్డర్ నంబర్‌ప్యాడ్ మీది 0, ఎంటర్ కీలు. స్పీడు 55 నాట్లకి వచ్చాక మెల్లగా ముక్కు లేపండి, 70 నుంచి 80 నాట్ల మధ్య పట్టుకుని ఎక్కండి.

ఇక ఎత్తు సంగతి. మీకు కావాల్సింది ట్రిమ్, అంటే కంట్రోల్ పట్టుకోకుండానే ముక్కు ఒకచోట నిలిచేలా చేసే సర్దుబాటు, కొత్తవాళ్ళు ఎక్కువమంది దీన్ని అసలు ముట్టుకోరు. ముందు ముక్కు దిగంతం మీద ఎక్కడుండాలో అక్కడ పెట్టి, కాసేపు ఆగి, స్పీడు కుదుటపడ్డాక ఇంజిన్ 2300 ఆర్‌పీఎమ్ దగ్గరకి తగ్గించి, ఆ తర్వాత హోమ్, ఎండ్ కీలతో కొంచెం కొంచెంగా ట్రిమ్ చేస్తూ పోవాలి, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే కంట్రోల్) వదిలేసినా ముక్కు కదలకుండా ఉండేదాకా. ట్రిమ్ పట్టి ఉంచేది స్పీడుని, ఎత్తుని కాదు, ఇది బుర్రకెక్కితే సగం ఊగడం ఆగిపోతుంది. పవర్ పెంచితే అదే స్పీడులో ఎక్కుతుంది, తగ్గిస్తే దిగుతుంది. ఆల్టిమీటర్ ముల్లు వెంట పరిగెత్తకండి, చూపు బయట దిగంతం మీద ఉంచండి.

సాయంకాలంగాలి:
జాయ్‌స్టిక్ కొనండి బ్రో. కీబోర్డులో నొక్కావా లేదా అన్న రెండే ఉంటాయి, కొంచెం నొక్కడం అనేది కష్టం. యోక్ (విమానం స్టీరింగ్), పెడల్స్ ఇప్పుడే వద్దు, కర్ర తిప్పితే రడ్డర్ పనిచేసేది, పక్కన చిన్న థ్రాటిల్ స్లైడర్ ఉన్నది ఒకటి చాలు. తెచ్చాక మొదట కాలిబ్రేట్ చేసి డెడ్‌జోన్ (కర్ర కదిపినా స్పందన రాని మధ్య భాగం) చిన్నగా పెట్టుకోండి, సెన్సిటివిటీ కర్వ్ మధ్యలో మెత్తగా ఉండేలా చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ సంగతంటే, ఎక్స్-ప్లేన్ 12కి ఉచిత డెమో ఉంది, ముందు అది దించి చూడండి. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 అయితే 150 జీబీ దాకా జాగా అడుగుతుంది, భూమి బొమ్మలు ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి నెట్ బాగుండాలి. బొమ్మ అందంలో దానికి సాటి లేదు, మనింటి పైకప్పు కూడా చూసుకోవచ్చు. 2024 వెర్షన్ కూడా వచ్చింది కానీ మీ కార్డుకి 2020 చాలనిపిస్తుంది. ఏది కొన్నా సెట్టింగులు తగ్గించుకుని స్థిరంగా 30 ఫ్రేములు వచ్చేలా చూసుకోండి, దిగేటప్పుడు బొమ్మ ఆగిఆగి వస్తే నేల ఎంత దగ్గరో తెలీదు.

మబ్బుదారి:
ఏ320 గురించి మర్చిపోయాను. దాని సైడ్‌స్టిక్ (పక్కనుండే చిన్న కంట్రోల్ కర్ర) వదిలేస్తే విమానమే దారిని పట్టుకుంటుంది, గాల్లో ట్రిమ్ కూడా అదే చేసుకుంటుంది, కాబట్టి దాంట్లో మొదలుపెడితే పైన చెప్పిన ట్రిమ్ విషయం ఎప్పటికీ అర్థం కాదు. సెస్నాతో ఒకే ఎయిర్‌పోర్టు చుట్టూ సర్క్యూట్‌లు (ఎగిరి ఒక చుట్టు తిరిగొచ్చి దిగడం) కొట్టండి, గాలి సున్నా పెట్టుకుని. నేల నుంచి 1000 అడుగులు ఎక్కి రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వచ్చి, దిగే చివర మీ పక్కకి రాగానే పవర్ తగ్గించి ఫ్లాప్స్ (రెక్కల వెనక దిగే పలకలు) ఒక మెట్టు, మలుపు తర్వాత ఇంకో మెట్టు, ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో) 65 నాట్లు. రన్‌వే పక్కన నాలుగు లైట్లుంటే చూడండి, రెండు తెలుపు రెండు ఎరుపు అంటే సరిగ్గా వస్తున్నట్టు, నాలుగూ ఎరుపైతే బాగా కిందున్నారు, వెంటనే పవర్ పెంచండి.

సాయంకాలంగాలి:
నాది కొంచెం వేరే మాట. ఏ320 మీద అంత ఇష్టం ఉంటే పూర్తిగా ఆపుకోనక్కర్లేదు, మైక్రోసాఫ్ట్‌లో ఫ్లైబైవైర్ అనే బృందం వాళ్ళ ఏ32ఎన్ఎక్స్ అనే ఏ320 విమానం ఉచితంగానే దొరుకుతుంది, అప్పుడప్పుడు దాని కాక్‌పిట్‌లో కూర్చుని స్విచ్‌లు నేర్చుకోండి. ల్యాండింగ్ మాత్రం సెస్నాతోనే నేర్చుకోండి, అందులో మబ్బుదారి అన్నతో ఏకీభవిస్తా.

కొత్తరెక్కలు:
ట్రిమ్ చేసి చూశా, చేతులు వదిలేసినా నిలబడింది, భలే సంతోషంగా ఉంది! రడ్డర్ ఇంకా అలవాటు కావాలి. ఇంకొక్క డౌటు, దిగేటప్పుడు చక్రం తగలగానే ఎగిరి ఎగిరి పడుతోంది, ఎందుకు?

మబ్బుదారి:
స్పీడు ఎక్కువై ఉంటుంది, 65 కంటే పైన వస్తే నేల దగ్గర తేలుతుంది, బలవంతంగా దింపితే ఎగురుతుంది. రన్‌వే మొదలు దాటాక పవర్ పూర్తిగా తీసేసి, చూపు రన్‌వే చివరికి పంపి, ముక్కు కొద్దికొద్దిగా లేపుతూ నేల మీద పడకుండా ఆపుతున్నట్టు పట్టుకోండి, వెనక చక్రాలు ముందు తగులుతాయి. ఎగిరితే మాత్రం ముక్కు కిందకి నొక్కకండి, ఫుల్ పవర్ ఇచ్చి ఇంకో చుట్టు తిరిగి రండి.