మీన్, మీడియన్, మోడ్: మూడూ ఎందుకు సార్ అని అడిగింది పిల్ల, నా దగ్గర జవాబు లేదు

కొత్త_పంతులు:
అందరికీ నమస్తే. ఈమధ్యే గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరా. టెన్త్ కి సాంఖ్యక శాస్త్రం మొదలుపెట్టా, సూత్రాలు చెప్తే పట్టేసుకున్నారు, పట్టిక గీసి సంచిత పౌనఃపున్యం (మొదటి నుంచి అక్కడిదాకా ఎంతమందో కూడిన లెక్క) రాసి టకటకా చేసేస్తుంటే నాకూ హుషారొచ్చింది. నిన్న ఊరికే బోర్డు మీద 7, 3, 9, 3, 5 అని రాసి మధ్యగతం, అదే మీడియన్, ఎంతర్రా అంటే సగం క్లాసు 9 అంది. ఎలాగంటే మధ్యలో అదే ఉంది కద సార్ అని. చిన్న నుంచి పెద్దకి వరస పెట్టాక మధ్యది చూడాలని, అది 5 అని తట్టలేదు. పోనీ బాహుళకం (మోడ్, ఎక్కువసార్లు వచ్చిన విలువ) ఎంత అంటే 2 అట, ఎందుకంటే 3 రెండుసార్లు వచ్చింది కాబట్టి. జవాబు ఆ 3 కదా. సరే ఇవి సర్దుకోవచ్చు. కానీ వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి "సార్, ఒకే లెక్కకి మూడు జవాబులెందుకు, ఒకటి చాలదా" అంది. పరీక్షలో మూడూ అడుగుతారమ్మా అని కూచోబెట్టేశా. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మీరెలా చెప్తారు?

సుద్దముక్క:
సిగ్గెందుకు బాబూ, నేను ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నా, మొదటి పదేళ్ళూ నాదీ అదే జవాబు.

ముందు సగటు, అదే మీన్, సంగతి. కూడి భాగించు అని చెప్పకండి. దోసెడు చింతపిక్కలు పట్టుకెళ్ళండి. అయిదుగురు పిల్లల్ని ముందుకు పిలిచి 2, 7, 4, 1, 6 ఇవ్వండి, ఇప్పుడు అందరి దగ్గరా సమానంగా ఉండాలి, కానీ కుప్ప పోయకూడదు, ఎక్కువున్నవాడు తక్కువున్నవాడికి ఇవ్వాలి అంతే అనండి. గొడవపడి గొడవపడి తలా 4 దగ్గర ఆగుతారు. అప్పుడు అడగండి, ఇచ్చినవాళ్ళు ఎన్ని ఇచ్చారు? ఏడున్నవాడు 3, ఆరున్నవాడు 2, మొత్తం 5. పుచ్చుకున్నవి? 2, 3, అవీ 5. విచలనాల (సగటు నుంచి తేడాల) మొత్తం సున్నా అని పుస్తకంలో ఉండేది ఇదే, అక్కడ చదివితే ఎవడికీ ఎక్కదు.

ఇంకో లాభం ఉంది. ఊహించిన సగటు పద్ధతి అంటే పిల్లలు హడలిపోతారు కదా, అదీ చింతపిక్కలతోనే అయిపోతుంది. తలా 5 వస్తాయనుకుందాం అనండి. అలా పంచాలంటే 25 కావాలి, ఉన్నవి 20, 5 తక్కువయ్యాయి, అయిదుగురం కాబట్టి తలా ఒకటి తగ్గించుకోవాలి, 4. ఇంతే సూత్రం.

కొత్త_పంతులు:
మేడమ్ ఇది చాలా బాగుంది. నేను నేరుగా విచలనాల కాలమ్ గీయించేశా.

గల్లీ_క్రికెటర్:
సార్ ఇంత కష్టం ఎందుకు, బ్యాటింగ్ యావరేజ్ చెప్పండి. సచిన్ టెస్టుల్లో 15921 పరుగులు, యావరేజ్ 53.78, క్లాసంతా లేచి కూచుంటుంది.

స్కోరు_పుస్తకం:
@గల్లీ_క్రికెటర్ తమ్ముడూ అక్కడే దొరికిపోతారు. సచిన్ ఆడింది 329 ఇన్నింగ్స్, 15921ని 329తో భాగిస్తే 48.39 వస్తుంది, 53.78 రాదు. 33 సార్లు నాటౌట్ కాబట్టి అవి తీసేసి 296తో భాగిస్తారు. అంటే అది ఇన్నింగ్స్ కి సగటు కాదు, ఔట్ కి సగటు. బ్రాడ్‌మన్ దీ అంతే, 6996 పరుగులు, 80 ఇన్నింగ్స్, 10 నాటౌట్లు, 70తో భాగిస్తే 99.94, 80తో భాగిస్తే 87.45. తెలివైన పిల్లాడు ఫోన్లో చూసి భాగించాడంటే మాస్టారి పరువు పోతుంది 😄

అలాగని వద్దనట్లేదు, ఇది చెప్పే పెట్టండి, దేనితో భాగిస్తున్నాం అన్నదే సగటులో అసలు కిటుకు. 1948లో ఓవల్ లో బ్రాడ్‌మన్ ఆఖరి ఇన్నింగ్స్ లో సున్నాకి ఔటయ్యాడు, ఒక్క ఫోర్ కొట్టుంటే 7000 బై 70, సరిగ్గా వంద. సున్నాని కూడా లెక్కలోకి తీసుకోవాలి అని చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు తెలీదు. మా పిల్లలు సున్నా వస్తే అసలు రాశుల సంఖ్యలోంచే ఎగరగొట్టేస్తారు.

మిర్చియార్డు:
నేను టీచర్ని కాదు, గుంటూరు దగ్గర మిరప రైతు కొడుకుని, మోడ్ గురించి ఒక మాట చెప్పి పోతా. యార్డు ధరల్లో మూడు ఉంటాయి, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్. చాన్నాళ్ళు నేను మోడల్ అంటే శాంపిల్ కాయ చూసి చెప్పే ధర అనుకున్నా, మా నాన్న ఇప్పటికీ అదే అనుకుంటాడు. డిగ్రీలో తెలిసింది అది మోడ్ నుంచి వచ్చిన మోడల్ అని, అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకి పోయిందో అది. ఆగ్‌మార్క్‌నెట్ అని మార్కెట్ ధరల సర్కారు వెబ్‌సైట్లో ఏ మార్కెట్ తీసినా, ఏ పంట తీసినా ఇవే మూడు ఉంటాయి, చూపించండి పిల్లలకి.

ఉదాహరణకి పది లాట్లు అనుకోండి, క్వింటా వేలల్లో 8, 11, 13, 13, 13, 13, 14, 14, 15, 21. పేపర్లో హెడ్డింగ్ ఏమొస్తది? మిర్చి 21 వేలు అని. అది చూసి మనోడు ఆటో కట్టించుకుని బస్తాలు వేసుకుని వస్తాడు. వచ్చాక దక్కేది 13. సగటు వేస్తే 13.5, అది ఒక్క లాట్ కి కూడా పలకలేదు చూడండి. ఏ ధరకి అమ్ముడుపోయే అవకాశం ఎక్కువ అంటే మోడే చెప్తుంది. మీ ఆ పిల్లకి ఇది చెప్పండి సార్.

సుద్దముక్క:
@మిర్చియార్డు బాబూ, రేపే ఇది నా క్లాసులో వాడేస్తున్నా. ఒక్కటి కలపనా, లాట్లన్నీ ఒకే బరువు ఉండవు కదా, అసలు సగటు కావాలంటే ధరని బస్తాలతో గుణించి కూడాలి, పౌనఃపున్య పట్టికలో (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో రాసేది) మనం చేసేదీ అదే. పిల్లలు 13, 14, 15 మూడూ కూడి 3తో భాగించేస్తారు, ఎన్ని ఉన్నాయో చూడరు.

బీటెక్_బాధితుడు:
మధ్యగతం గురించి నా బాధ జెప్తా వినుండ్రి. ఇంటర్ అయినంక కాలేజీలు చూస్తుంటే ఒక బ్రోచర్ల యావరేజ్ ప్యాకేజీ ఏడున్నర లక్షలు అని ఇంత పెద్ద అక్షరాలతోని ఏశిన్రు. మా బాపు అది చూసి కన్సల్టెన్సీ వాళ్ళతోని మాట్లాడి సీట్ తీసిండు. ఫైనలియర్ ల తెలిసింది, మా బ్రాంచ్ ల పది మందికి ఉద్యోగాలొస్తే తొమ్మిది మందికి మూడున్నర, ఒక్కనికి 44 లక్షలు. కూడి చూడుండ్రి, 75.5, పదితోని భాగిస్తే 7.55. అబద్ధం ఏం లేదు! మీడియన్ అడిగితే మూడున్నర అని చెప్పాల్సొస్తుండె, గందుకే ఎవ్వడు మీడియన్ రాయడు. కాలేజ్ పేరు చెప్పను, ఆ 44 లక్షలోడు నా రూమ్మేట్, మంచోడే పాపం.

డాలస్_అమ్మ:
ఇక్కడ మా అబ్బాయికి ఆరో క్లాసులోనే మీన్, మీడియన్ తో పాటు విలువలు ఎంత దూరం పరుచుకున్నాయో కూడా చెప్పేశారు. ఇళ్ళ ధరలు, కుటుంబాల ఆదాయం వార్తల్లో చెప్పేటప్పుడు ఇక్కడ మీడియన్ అనే చెప్తారు, పైన తమ్ముడు చెప్పిన కారణమే, నాలుగు రాజభవనాలు అమ్ముడుపోతే సగటు ఎక్కడికో పోతుంది. మావాడికి సూత్రం మాత్రం రాదు, పట్టిక ఇస్తే బిక్కమొహం వేస్తాడు, మీ పిల్లలే నయం.

కొత్త_పంతులు:
అందరికీ థాంక్స్. మరి ఆ సూత్రాల సంగతి? మధ్యగతం సూత్రంలో సంచిత పౌనఃపున్యం ముందు తరగతిది (40-50 లాంటి మార్కుల గుంపుని తరగతి అంటాం) తీసుకోవాలా, ఆ తరగతిదేనా అని సగం మంది ప్రతిసారీ తప్పుతున్నారు.

గీతల_పుస్తకం:
రైలు బోగీలు అని చెప్తా నేను. 50 మంది, 25వ వాడు ఎక్కడున్నాడో వెతకాలి. 40 మార్కుల లోపు బోగీల్లో కలిపి 18 మంది, 40-50 బోగీలో 14 మంది. 25వ వాడు ఈ బోగీలోనే ఉన్నాడు, ముందు బోగీల్లో 18 అయిపోయారు, ఇంకా 7 మంది నడవాలి. బోగీ పొడుగు 10, అందులో 14 మంది సమానంగా కూచున్నారు అనుకుంటే 7 బై 14, సగం దూరం, 5. అంటే 45. ముందు బోగీలవాళ్ళని తీసెయ్యాలి అన్నది బుర్రలో పడితే ఇక ఏ సంఖ్య తీసుకోవాలో అడగరు. ఇంకొకటి, 25 అన్నది స్థానం, 45 అన్నది విలువ, చాలామంది 25 దగ్గరే ఆగిపోయి దాన్నే జవాబుగా రాసేస్తారు.

బాహుళకం సూత్రంలో కింద 2 ఎఫ్1 మైనస్ ఎఫ్0 మైనస్ ఎఫ్2 ఉంటుందే (ఎఫ్1 ఎక్కువమంది ఉన్న తరగతి లెక్క, ఎఫ్0 దాని కిందిది, ఎఫ్2 పైది), దాన్ని విడగొట్టి చూపించండి. అది ఎఫ్1 మైనస్ ఎఫ్0, ఎఫ్1 మైనస్ ఎఫ్2, ఈ రెండిటి మొత్తమే. 40-50లో 14, కింది తరగతిలో 6, పై తరగతిలో 10 అనుకోండి. తేడాలు 8, 4. ఆ పది మార్కుల్ని 8కి 4 నిష్పత్తిలో చీలుస్తాం, 40 + 6.67. పైన జనం ఎక్కువున్నారు కాబట్టి అటు జరిగింది. రెండువైపులా సమానంగా ఉంటే నడిమధ్యన 45.

సుద్దముక్క:
అమ్మో, ఇరవై రెండేళ్ళలో ఆ హారాన్ని ఒక్కసారి కూడా అలా విడగొట్టి చూడలేదు నేను. రేపు స్టాఫ్ రూంలో మా మాథ్స్ సార్ ని అడిగి ఏడిపిస్తా.

గల్లీ_క్రికెటర్:
మరి 3 మీడియన్ = మోడ్ + 2 మీన్ ఉంది కదా, రెండు తెలిస్తే మూడోది వచ్చేస్తుంది, అంటే మూడోది అనవసరమే కదా, ఆ అమ్మాయి కరెక్టే 😀

గీతల_పుస్తకం:
బీటెక్ తమ్ముడి ప్యాకేజీలతో వేసి చూడు. 3 ఇంటూ 3.5 అంటే 10.5. అటువైపు 3.5 ప్లస్ 15.1, 18.6. ఏం కుదిరింది? అది అనుభవంతో కట్టిన ఉజ్జాయింపు, కొంచెం మాత్రమే ఒకపక్కకి ఒరిగిన దత్తాంశానికి (డేటాకి) దాదాపుగా పనిచేస్తుంది. పరీక్షలో లెక్క వస్తుంది కాబట్టి చెప్పాలి, కానీ నియమం అని చెప్పకండి.

కొత్త_పంతులు:
వారం తర్వాత వచ్చా. చింతపిక్కలు అయ్యాయి, మిర్చి ధరలు అయ్యాయి, మధ్యగతానికి 11 మందిని ఎత్తు ప్రకారం నిలబెట్టి ఆరోవాడి ఎత్తు కొలిచాం. తర్వాత చివర్లో ఉన్న పొడుగువాణ్ణి తీసి మా పీఈటీ సార్ ని నిలబెట్టా, మధ్యవాడు మారలేదు, సగటు మారింది, అరుపులు.

నిన్న పిల్లల సొంత లెక్కే తీయించా. బడికి నడిచి రావడానికి ఎన్ని నిమిషాలు? పదిమంది చెప్పినవి 5, 5, 8, 10, 10, 10, 12, 15, 60, 65. మధ్యగతం 10, బాహుళకం 10, సగటు 20. "ఇరవై నిమిషాలు నడిచేవాళ్ళు ఎవరర్రా" అంటే ఒక్క చెయ్యీ లేవలేదు. మూడూ ఎందుకో అప్పుడు దానంతటదే మాటల్లోకి వచ్చింది, నేను పెద్దగా చెప్పిందేం లేదు.

తీరా చూస్తే మొదట ప్రశ్న అడిగిన పిల్లే ఆ 65 నిమిషాల అమ్మాయి. తండా నుంచి వస్తుంది, నాకు ఇప్పటిదాకా తెలీదు, లేటుగా వస్తోందని రెండుసార్లు బయట నిలబెట్టా కూడా. "సార్, బస్సు వెయ్యమని రాయాలంటే ఈ మూడిట్లో ఏది రాయాలి" అంది. మళ్ళీ జవాబు లేదు నా దగ్గర.

గీతల_పుస్తకం:
ఆ మూడిట్లో ఏదీ వద్దు మాస్టారూ, వ్యాప్తి రాయండి, గరిష్ఠం మైనస్ కనిష్ఠం, 60. చిన్న తరగతుల్లో చెప్పిందే. అర్జీలో దానితో పాటు 65, 60 అని ఇద్దరివీ విడివిడిగా రాసి ఎన్ని కిలోమీటర్లో కూడా పక్కన వేయండి.

మిర్చియార్డు:
అర్జీ పెట్టాక ఇక్కడ చెప్పండి సార్. అన్నట్టు మా నాన్నకి మోడల్ గురించి నిన్న చెప్పా, నమ్మలేదు.