అప్‌డేట్: ఎండలో మండిపోయే మనుషుల సినిమా దొరికింది

ఎండ తగలగానే అధికారులు లోపల్నుంచి మండి బూడిదైపోయే చైనా సినిమా పేరేంటని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిందే కరెక్ట్: 2010లో వచ్చిన ‘డిటెక్టివ్ డీ అండ్ ద మిస్టరీ ఆఫ్ ద ఫాంటమ్ ఫ్లేమ్’. దర్శకుడు సుయ్ హార్క్, హీరో ఆండీ లావ్.

అమలాపురంలో మా పెదనాన్న గారింట్లో అందరం కలిసి చూశాం. సినిమాలోని డిటెక్టివ్ డీ రెన్‌జే నిజంగానే చైనా తాంగ్ రాజవంశ కాలపు అధికారి. 690లో వూ జెటియన్ అనే మహారాణి చైనా గద్దెనెక్కడం కూడా చరిత్రే. మాట్లాడే జింక సంగతి వేరే చెప్పక్కర్లేదు! భారీ బుద్ధ విగ్రహం లోపల ఫైట్లు మాత్రం అదిరాయి, సమ్మో హంగ్ పనితనం.

హంతకుడెవరో చెప్పను. పెదనాన్న సగంలోనే పైకి చెప్పేశారు, పెద్దమ్మ ఇంకా మాట్లాడట్లేదు. దీని ముందు కథ 2013లో వచ్చింది, హీరో వేరు. ఈసారి ఆయన పడుకున్నాక పెడతాం.