అన్నభేది చల్లితే సముద్రం కార్బన్‌ను దాచుకుంటుందా?

కెరటం_22

లెక్క వేస్తే నమ్మబుద్ధి కావడం లేదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్‌ఐఓ) వాళ్లూ జర్మన్లూ కలిసి 2009లో దక్షిణ అట్లాంటిక్‌లో చేసిన లోహాఫెక్స్ ప్రయోగంలో 300 చదరపు కిలోమీటర్ల నీటికి ఒక విడతలో వేసింది పది టన్నుల ఫెర్రస్ సల్ఫేట్. అంటే మన అన్నభేదే. ఎకరాల్లోకి మారిస్తే దాదాపు 74 వేల ఎకరాలు, ఎకరానికి 135 గ్రాములు! వేరుశనగ ఆకులు పాలిపోతే పిచికారీకి ఇంతకు ఎన్నో రెట్లు వాడతారు.

ఇంత కొద్ది ఇనుముతో నిజంగా ప్లాంక్టన్ (నీటిలో తేలే చిన్న జీవులు, ప్లవకాలు) పెరుగుతుందా? పెరిగితే అది పీల్చుకున్న కార్బన్ చివరికి ఎక్కడికి పోయింది? ఇంత చవకైన పనిని ఎందుకు ఆపేశారు? ఇంకొకటి: విశాఖ దగ్గర బంగాళాఖాతం నీళ్లు తెచ్చి సీసాల్లో ఇనుము వేసి చూడటం ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోతుందా?

ఉప్పునీళ్లు

మీ లెక్క సరిగ్గానే ఉంది. ఇప్పుడు ఎకరాలు వదిలేసి లీటర్లలో చూడండి. అన్నభేది బరువులో ఇనుము ఐదో వంతు (ఏడు నీటి అణువులతో కలిపి అణుభారం 278, అందులో ఇనుము 56). పది టన్నులకు రెండు టన్నుల ఇనుము, అంటే సుమారు 35,800 మోల్స్ (పరమాణువులను లెక్కించే కొలమానం). గాలికి కలిసే పైపొర 60 మీటర్లు అనుకుంటే నీరు 18 లక్షల కోట్ల లీటర్లు. భాగిస్తే లీటరుకు 2 నానోమోల్స్ (నానో అంటే వంద కోట్లో వంతు) వస్తుంది. ఆ చోటు కూడా చేరే దక్షిణ మహాసముద్రంలో మామూలుగా ఉండేది 0.1 నానోమోల్‌కు అటూ ఇటూ, చాలాచోట్ల ఇంకా తక్కువ. కాబట్టి 135 గ్రాములు మనకు చిటికెడు, అక్కడి ప్లాంక్టన్‌కు ఇరవై రెట్ల మేత.

మొక్కకు ఇనుము ఎందుకంటే, కిరణజన్య సంయోగక్రియలో ఫోటోసిస్టమ్-1 అనే ఒక్క భాగానికే 12 ఇనుప పరమాణువులు కావాలి. నైట్రేట్‌ను అమ్మోనియంగా మార్చుకునే ఎంజైములకూ ఇనుమే కావాలి. అందుకే అక్కడ నైట్రేట్, ఫాస్ఫేట్ పుష్కలంగా ఉన్నా నీరు పచ్చబడదు. విస్తట్లో అన్నీ వడ్డించి ఉప్పు మరిచినట్టు. దక్షిణ మహాసముద్రం, భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్, పసిఫిక్ ఉత్తర భాగం, ఈ మూడూ ఇలాంటి నీళ్లే. కారణం ఇనుమేనని 1980ల చివర్లో గట్టిగా వాదించినవాడు అమెరికాలోని మాస్ లాండింగ్ శాస్త్రవేత్త జాన్ మార్టిన్.

వేరుశనగ పోలిక మీరే తెచ్చారు కాబట్టి చెబుతున్నా, ఇక్కడా అదే రసాయనం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉండి కూడా వేరుకు అందదు. అందుకే అన్నభేది ద్రావణంలో నిమ్మ ఉప్పు కలుపుతారు. సముద్రం పీహెచ్ 8.1, అదీ క్షార గుణమే. ఫెర్రస్ ఇనుము అందులో పడగానే ఫెర్రిక్‌గా మారుతుంది. వెచ్చటి నీటిలో నిమిషాల పని, దక్షిణాది చల్లటి నీటిలో గంట అటూ ఇటూ. ఫెర్రిక్ కరగదు, తుప్పు నలుసులై అడుగుకు దిగిపోతుంది. కరిగి మిగిలేదాన్ని దాదాపు పూర్తిగా సేంద్రియ అణువులు పట్టుకుని ఉంటాయి. ఆ అణువులు ఎంత ఉంటే అంతే నిలుస్తుంది. ఒక్కసారే ఎక్కువ గుమ్మరిస్తే మిగతాది తుప్పే. అందుకే రెండు విడతలు.

వేసే పద్ధతి ఇది. ట్యాంకులో సముద్రపు నీరు నింపి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 2 దగ్గరికి దించి, అన్నభేది కలిపి, గొట్టంతో ఓడ పంకా వెనక సుళ్లలోకి వదులుతారు. చాలా ప్రయోగాల్లో పక్క ట్యాంకులోంచి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ కూడా కలిపి వదిలారు. అది ఎవరూ తినరు, దేనికీ అంటుకోదు. ఇనుము మాయమైనా నీరు ఎటు పోయిందో అది చెబుతుంది.

ఎక్కువగా తప్పు జరిగేది ఓడ దారి దగ్గర. మ్యాపు మీది అక్షాంశ రేఖాంశాలు చూసి గళ్లు గీస్తే పని చెడుతుంది, ఎందుకంటే ఓడ తిరుగుతున్నంతసేపూ కింద నీరు కదులుతూనే ఉంటుంది. నీటిలో లోతుగా తెరచాప వేలాడదీసిన బోయాను వదిలి, దాన్నే కేంద్రంగా తీసుకుని చుట్లు చుట్టాలి. అప్పుడు కూడా సముద్రం మాట వినకపోవచ్చు. 1993లో గాలపాగోస్ దగ్గర ఐరన్‌ఎక్స్ ప్రయోగంలో 64 చదరపు కిలోమీటర్లకు 450 కిలోల ఇనుము వేశారు. నాలుగు రోజులు తిరిగేసరికి ఉప్పదనం తక్కువున్న తేలిక నీరు పైకి పాకి, ఇనుము వేసిన నీటిని కిందికి తొక్కేసింది. తర్వాతి ప్రయోగాలు చాలావరకు తనలో తానే తిరిగే పెద్ద సుడిగుండాలను వెతుక్కుని వాటి మధ్యలో చేసింది అందుకే.

అడుగుమడ్డి

పైన చెప్పింది పెరుగుదల సంగతి. అసలు లెక్క కార్బన్‌ది, అక్కడే కాగితానికీ సముద్రానికీ పొంతన కుదరదు.

కాగితం మీద: ఒక మోల్ ఇనుముకు లక్ష మోల్స్ కార్బన్ అని పట్టుకుంటే రెండు టన్నుల ఇనుముతో 43 వేల టన్నుల కార్బన్. ఈ రంగం మీద ఆశలన్నీ ఈ గుణకారంతోనే పుట్టాయి.

సముద్రంలో: లోహాఫెక్స్‌లో పోలార్‌స్టెర్న్ ఓడ 39 రోజులు ఆ నీటిని వదలకుండా కొలిచింది. క్లోరోఫిల్, ఉత్పత్తి రెండూ రెట్టింపయ్యాయి. కిరణజన్య సామర్థ్యం సూచిక 0.33 నుంచి 0.40 దాటింది, కాబట్టి ఇనుము పని చేసిందనడంలో అనుమానం లేదు. పైపొరలో నికరంగా తయారైన సేంద్రియ కార్బన్ రోజుకు చదరపు మీటరుకు 21 మిల్లీమోల్స్, అంటే పావు గ్రాము. థోరియం-234 (కిందికి దిగే నలుసులకు అంటుకునే రేడియోధార్మిక మూలకం) కొలత ప్రకారం అందులో 100 మీటర్ల లోతు దాటింది సుమారు 6.3 మిల్లీమోల్స్. 200, 450 మీటర్ల దగ్గర నీటితో పాటే తేలుతూ పోయే ఉచ్చులు పెడితే వాటిలో పడింది చాలావరకు 1.1 లోపే, అంటే 13 మిల్లీగ్రాములు, అది కూడా ఎక్కువగా జంతు ప్లవకాల మలమే.

ఇంకో మాట, నన్నడిగితే ముఖ్యమైన మాట. ఇనుము వేయని పక్క నీటిలోనూ కిందికి దిగినది దాదాపు అంతే. కాబట్టి ఇనుము వల్ల అదనంగా లోతుకు చేరింది లేనట్టే లెక్క. ఇనుము వేసిన నీటి అంకె ఒక్కటే చూపించి ‘ఇంత కార్బన్ దింపాం’ అనే రిపోర్టు కనబడితే పక్క నీటి అంకె ఏదని అడగండి.

ఎందుకలా అయింది? ఆక్వా చెరువులు తెలిసినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. చెరువులో డయాటమ్ రంగు రావాలంటే సిలికేట్ ఉండాలి కదా. డయాటమ్ గాజు డబ్బాలో బతికే జీవి, సిలికా లేనిదే డబ్బా కట్టుకోలేదు. లోహాఫెక్స్ ఎంచుకున్న సుడిగుండంలో సిలికేట్ లీటరుకు 2 మైక్రోమోల్స్ కూడా లేదు. దాంతో వృక్ష ప్లవకాల్లో డయాటమ్‌ల వాటా పదో వంతు కూడా కాలేదు. పెరిగినవి కవచం లేని చిన్న జీవులు. వాటిని కోపిపాడ్‌లు అనే చిన్న జంతు ప్లవకాలు మేసేశాయి. మేత పైనే, శ్వాస పైనే, మలం కూడా దిగేలోపే మళ్లీ ఆహారం. కార్బన్ కిందికి పోకుండా అక్కడక్కడే గిరగిరా తిరిగింది.

అదే ఓడతో 2004లో చేసిన ఐఫెక్స్ ప్రయోగంతో పోల్చండి. అక్కడ సిలికేట్ పుష్కలం. డయాటమ్‌లు నాలుగో వారంలో శిఖరానికి చేరి, ఆపైన మూకుమ్మడిగా చచ్చి, గొలుసులు గొలుసులుగా జిగురుతో అల్లుకుని ముద్దలయ్యాయి. విడి కణం రోజుకు మీటరో రెండో దిగుతుంది, ముద్దయితే వందల మీటర్లు. దారిలో తినేవాళ్లకు చిక్కదు. అలా విరివిగా పెరిగిన ప్లాంక్టన్ (బ్లూమ్) బరువులో కనీసం సగం 1000 మీటర్ల కిందికి పోయిందని 2012లో ప్రచురించారు. ఇనుము అదే, ఓడ అదే. మారింది నీరు.

1000 మీటర్ల గీతకు ఎందుకంత విలువ అంటే, 150 మీటర్ల దగ్గర కుళ్లిన కార్బన్ వచ్చే చలికాలం నీరు కలగలిసినప్పుడు గాలికి తిరిగొస్తుంది. వెయ్యి దాటితే తిరిగి రావడానికి వంద ఏళ్లో ఇంకా ఎక్కువో పడుతుంది.

కార్బన్ లెక్కలో తీసేయాల్సినవి ఇంకా ఉన్నాయి. పైనీటిలో తగ్గిన కార్బన్ డయాక్సైడ్‌ను గాలి పూడ్చడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆ నీరు కిందికి మునిగిపోతే గాలిలోంచి తీసింది ఏమీ ఉండదు. ఇక్కడ వాడేసిన నైట్రేట్, ఫాస్ఫేట్ ఆ ప్రవాహం దిగువన ఇంకెక్కడో పెరగాల్సిన ప్లాంక్టన్ నోటి కూడు. ఎగువ రైతు కాలవకు అడ్డు కట్టినట్టు.

కెరటం_22

బాగా అర్థమైంది, ధన్యవాదాలండి. మరి బంగాళాఖాతం?

నాలుగో_జెట్టీ

ఆపేయడం గురించి ముందు రెండు ముక్కలు. వాణిజ్య ప్రయోజనం కోసం సముద్రంలో ఇనుము వేయడం కుదరదని, శాస్త్ర పరిశోధన అయితేనే ఒక్కొక్కటిగా పరిశీలిస్తామని 2008లో లండన్ ఒప్పందం (సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించేది) దేశాలు తీర్మానించాయి. 2013లో ఆ ఒప్పందపు ప్రోటోకాల్‌కు సవరణ కూడా తెచ్చాయి. లోహాఫెక్స్‌ను కూడా ఓడ బయల్దేరాక జర్మనీ ప్రభుత్వం కొన్నాళ్లు ఆపి, సమీక్షించాకే ఒప్పుకుంది. ఈ మధ్యలో 2012లో కెనడా పడమటి తీరానికి అవతల ఒక కంపెనీ సాల్మన్ చేపల కోసమంటూ సుమారు వంద టన్నుల ఇనుప సమ్మేళనం గుమ్మరించింది. పక్క నీటితో పోల్చే ఏర్పాటు సరిగా లేకపోవడంతో దాని నుంచి కార్బన్ గురించి తేలింది ఏమీ లేదు.

బంగాళాఖాతంలో ఇనుము కొరత కాదు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మట్టి ఉంది, గాలి తెచ్చే ధూళి ఉంది. కొరత నైట్రేట్‌ది. నదుల మంచినీరు పైన మూతలా పరుచుకుని కింది పోషకాలను పైకి రానివ్వదు. పెద్ద తుఫాను ఆ మూతను చిలికినప్పుడు ఉపగ్రహ చిత్రాల్లో క్లోరోఫిల్ మచ్చ కనిపించేది అందుకే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చిత్రాల్లో తుఫానుకు ముందు వారం, తర్వాత వారం పక్కపక్కన పెట్టి చూడండి.

కాబట్టి ప్రాజెక్టు ప్రశ్నను ‘ఇనుము వేస్తే పెరుగుతుందా’ అని కాక ‘ఏది కొరత’ అని మార్చుకోండి. నాలుగు రకాల సీసాలు: ఏమీ వేయనివి, ఇనుము ఒక్కటే, నైట్రేట్ ఒక్కటే, రెండూ కలిపినవి. రకానికి మూడేసి, రెండు లీటర్ల పాలీకార్బొనేట్ సీసాలు. లీటరుకు ఇనుము 2 నానోమోల్స్, నైట్రేట్ 10 మైక్రోమోల్స్. నీటిని 200 మైక్రాన్ల జాలీతో వడకట్టి పెద్ద కోపిపాడ్‌లను తీసేయాలి, లేకపోతే ఒక సీసాలో పడిన రెండు కోపిపాడ్‌లే ఫలితాన్ని తినేస్తాయి. పారే సముద్రపు నీటి తొట్టిలో, ఎండను సగానికి తగ్గించే వలకింద, మూడు నాలుగు రోజులు. రోజూ ఒకే వేళకు నమూనా తీసి గ్లాస్ ఫైబర్ ఫిల్టర్ మీద వడకట్టి, 90 శాతం అసిటోన్‌లో చీకట్లో చల్లగా 24 గంటలు నానబెట్టి, ఫ్లోరోమీటర్‌లో క్లోరోఫిల్ చదవడం. ఐదో రోజు దాటాక వచ్చే అంకెలను నమ్మకండి, అప్పటికి సీసా గోడలకు అంటుకున్నవే ఎక్కువ.

ఉప్పునీళ్లు

దీనికి ఒక హెచ్చరిక కలపాలి. 0.1 నానోమోల్ అంటే లీటరుకు 5.6 నానోగ్రాముల ఇనుము. పది లీటర్ల సీసా మొత్తంలో 56 నానోగ్రాములు. ఓడ కమ్మీ నుంచి ఒక్క మైక్రోగ్రాము తుప్పు రాలి అందులో పడితే 700 నానోగ్రాములు చేరినట్టు, అసలుకు పన్నెండు రెట్లు. 1980లకు ముందు కొలిచిన ఇనుము అంకెలు చాలావరకు ఓడలను కొలిచినవే!

మీ ప్రయోగంలో దొంగ ఇంకోచోట ఉంటాడు: నైట్రేట్ సీసాలో. 10 మైక్రోమోల్స్ అంటే లీటరుకు 0.85 మిల్లీగ్రాముల సోడియం నైట్రేట్. లేబుల్ మీద ఇనుము 5 పీపీఎం అని ఉంటే దాంతోపాటు 4.25 నానోగ్రాముల ఇనుము, అంటే 0.076 నానోమోల్ చేరుతుంది. దక్షిణ మహాసముద్రంలో అయితే అదొక్కటే మొత్తం ప్రయోగాన్ని చెడగొడుతుంది. స్టాక్ ద్రావణాన్ని లోహాలను పట్టేసే చెలెక్స్-100 రెజిన్ కాలమ్‌లోంచి ఒకసారి దింపి వాడండి. సిలికేట్ కూడా పెట్టాలనుకుంటే స్టాక్‌ను గాజులో ఉంచకండి.

విశాఖ నీటిలో ఇనుము ఎక్కువ కాబట్టి ఇది పట్టించుకోనక్కర్లేదనిపిస్తుంది. కానీ ‘ఇనుము వేసినా తేడా రాలేదు’ అన్న ఫలితానికి రెండు అర్థాలుంటాయి: నీటిలో ముందే ఉంది, లేదా మీ ఖాళీ సీసాల్లోకి కూడా దొంగతనంగా చేరింది. ఇనుము అందకపోతే ఏమవుతుందో చూడటానికి ఐదో రకం సీసాలు పెట్టండి. వాటిలో డెస్ఫెరాక్సమీన్-బి వేస్తే ఉన్న ఇనుమును అది పట్టేసుకుంటుంది. నీటిలోని ఇనుము కంటే ఎక్కువ మోల్స్ వేయాలి, తీరపు నీటికి కొన్ని వందల నానోమోల్స్‌తో మొదలుపెట్టండి. వాటిలో పెరుగుదల పడిపోయిందంటే ఇనుము అవసరమేనని, మీ సీసాల్లో అది సరిపడా ఉందని తేలినట్టు; అది నీటిదో దొంగదో మాత్రం ఇది చెప్పదు, అందుకే శుభ్రత ముఖ్యం.

సీసాలు డిటర్జెంట్‌లో వారం, పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వీలైనన్ని వారాలు నానాలి. నీటిని ఇనుప బకెట్‌తో, ఇనుప తాడుతో తోడకండి. ఫైబర్ పడవ ముందు వైపు నుంచి, గాలికి ఎదురుగా, మోటారు ఆపి, ప్లాస్టిక్ గొట్టంతో తీసుకోండి. పొడి లేని ప్లాస్టిక్ గ్లౌజులు వేసుకోండి, పౌడరు గ్లౌజులు వద్దు.